సోలెడు నీళ్ళు

కీలుంగ్‌లో ఏడాదిలో సగం వాన.
మిగతా సగం, కురవాలా వద్దా అని వాన ఆలోచన.

గోడలు చెమరుస్తాయి. ఉప్పు రాయి కడుతుంది.
ఆరేసిన చొక్కాలు వారమైనా
ఎవరినో నిష్ఠూరమాడుతున్నట్టు బరువుగా వేలాడతాయి.
ఇంత నీటి మధ్య కూర్చుని
సోలెడు నీళ్ళ కోసం
మూడు నెలలు డబ్బు కూడబెట్టాను.

పెట్టె చిన్నది.
దీపానికీ టీ కప్పుకీ మధ్య
ఒదిగి కూర్చునే బూట్ల డబ్బా అంత.
అందులో నేను వంతెనలు గీస్తాను.
ఇంకా కట్టని వంతెన మీద
ఇంకా పొడవని ఎండ ఎలా పడుతుందో
రాత్రంతా అది లెక్క కడుతుంది.
లెక్క కట్టినంతసేపూ అరుస్తుంది:
రెండు బుల్లి ఫ్యాన్లు,
సీసాలో చిక్కిన ఈగల్లా,
తొంభై డిగ్రీల దగ్గర రాగం అందుకుంటాయి.
పక్కింటి వైపు గోడ మీద దరువు పడుతుంది.

ఆ దరువు ఖూ పెద్దాయనది.
ముప్ఫై నాలుగేళ్ళు ఓడల ఇంజను గదుల్లో చేసి
ఒడ్డున పడ్డ మనిషి.
పేరు కిమ్-చుయి, బంగారు నీళ్ళని అర్థం.
మొదటిసారి తిట్టడానికే వచ్చాడు.
విప్పి ఉన్న పెట్టెలోకి తొంగిచూసి
తిట్టు సగంలో మింగి
"దీనికి ఊపిరాడటం లేదమ్మాయ్" అన్నాడు.

చిప్పు నెత్తిన రాగి దిమ్మ,
దాని కడుపులో వెంట్రుకంత కాలువలు.
అగ్గిపెట్టెంత పంపు.
గొట్టం మలుపు తిరగడానికి చోటే లేదు.
రెండు వేళ్ళతో, ఊపిరి బిగబట్టి బిగించాను.
గొట్టం మూడు మిల్లీమీటర్లు పొట్టి.
విప్పి ఇంకోటి కోశాను.
ఇది రెండు మిల్లీమీటర్లు పొడుగు.
"ఓడలోనూ ఇంతే,
మనిషి దూరలేని చోటే మరమ్మతు వస్తుంది."

సిరంజితో డిస్టిల్డ్ వాటర్ పోశాం.
బోర్డుకు కరెంటివ్వకుండా పంపు ఒక్కటే తిప్పాం.
ప్రతి అతుకు కిందా ఒక టిష్యూ కాగితం.
గొట్టాల్లో బుడగలు మొండికేస్తే
పెట్టెను భుజాన వేసుకుని
అటు వంచి ఇటు వంచి
వీపు తట్టి తేన్పు తెప్పించాం.

తెల్లవారుజామున నాలుగింటికి
ఒక కాగితం మీద తడి,
యువాన్ బిళ్ళంత.
నా గుండె కూడా అంతే అయింది.
అన్నీ విప్పాం. రబ్బరు వలయాలు
ఆయన తన బనియనుతో తుడిచాడు.
బిగించాం. మళ్ళీ తడి.
మూడోసారి ఆ కాగితం నాలిక మీద పెట్టుకుని
"మనది కాదు. ఉప్పగా ఉంది" అన్నాడు.
ఇద్దరం తలలు పైకెత్తాం.
కిటికీ చట్రం అంచున
సముద్రపు గాలి మోసుకొచ్చిన వాన
తాపీగా ఇంకో బొట్టు తయారుచేసుకుంటోంది.

మర్నాడు మీట నొక్కాను.
ఏమీ వినపడలేదు.
చెడిపోయిందనుకున్నాను.
ఆయన స్క్రూడ్రైవరు కొన పంపుకు ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
చాలాసేపు తీయలేదు.
యాభై ఎనిమిది డిగ్రీలు, అని నేను చదివితే
ఆయన వేరే లెక్కలో ఉన్నాడు.
"మా ఓడ ఈ పక్క సముద్రాన్ని తాగి ఆ పక్క ఊసేది.
ఇది పాపం, తాగిందే తాగుతుంది."
కాస్త ఆగి,
"వేడి ఎక్కడికీ పోదు. చోటు మారుతుందంతే."

మారిన చోటు నా గదే.
రేడియేటరు రెక్కల్లోంచి
వెచ్చటి గాలి, అడిగినా అడక్కపోయినా,
పైకి లేస్తూ ఉంటుంది.

జనవరి.
పదహారు రోజులుగా వాన తెరిపివ్వలేదు.
వంతెన నూట నలభయ్యో ఫ్రేము దగ్గరుంది.
గోడ మీద రెండు దరువులు.
తలుపు తీస్తే ఖూ పెద్దాయన,
పిండిన మేజోళ్ళ జత చేత పట్టుకుని,
"పని నడుస్తోందా?" అన్నాడు మొహమాటంగా.

నడుస్తోందన్నాను.
పెట్టె మీద, గాలికి దారి వదిలి,
రెంటినీ పక్కపక్కన పరిచాడు.
ఎడమదానికి మడమ దగ్గర చిల్లు.